అరవై దాటిన స్నేహితులు ఒకరికొకరు చేసుకోగల మేలు: నేల మీంచి లేవడం నేర్పుకోవడం

"అరవై, డెబ్బై దాటిన స్నేహితులం నలుగురైదుగురం ఉన్నాం. ఆరోగ్యం కాపాడుకుంటూ, రోజువారీ ఇబ్బందుల్లో ఒకరికొకరం ఎలా ఆసరాగా ఉండాలి?" అని కదా మీ ప్రశ్న. నిద్ర, నడక, మనశ్శాంతి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళు చెప్పేదీ మంచిమాటే. నేను అడిగేది ఒక్కటే. మీ నలుగురైదుగురిలో, ఎవరి సాయం లేకుండా నేల మీంచి లేచి నిలబడగలిగేవాళ్ళు ఎంతమంది?

పెద్ద వయసులో పడిపోవడం ఒక ప్రమాదమైతే, పడ్డచోటే గంటల తరబడి ఉండిపోవడం ఇంకో ప్రమాదం. ఎముక విరగకపోయినా సరే, ఒకే వైపు బరువు మోపి చాలాసేపు పడుకుంటే ఒత్తిడి పడ్డచోట చర్మం పుండు పడుతుంది. నలిగిన కండరం లోంచి వచ్చే పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. గంట దాటిందంటే పైకి బాగానే కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే. అందుకే లేవడం తెలిసి ఉండటం, లేవలేనప్పుడు ఎవరికైనా కబురు అందే దారి ఉండటం మిగతా అన్నిటికన్నా ముందు.

ఇప్పుడు మీ స్నేహితుడు స్నానాలగది గడప దగ్గర పడి ఉన్నాడనుకోండి. మీరు తలుపు తీసుకుని వచ్చారు. ఎవరైనా మొదట చేసే పని, గబగబా వెళ్ళి చంకల కింద చేతులు వేసి పైకి లాగడం. అదే చెయ్యకూడదు. అలా లాగితే అతని భుజం కీలు జారొచ్చు, మీ నడుము పట్టేయొచ్చు, ఇద్దరూ కలిసి మళ్ళీ పడొచ్చు. తుంటి ఎముక విరిగి ఉంటే విరిగిన ముక్కలు ఇంకా పక్కకు జరుగుతాయి.

మొదటి రెండు నిమిషాలు అతన్ని కదపకండి. లైటు వెయ్యండి, నేల తడిగా ఉంటే ఒక గుడ్డ వెయ్యండి, అతని ముఖానికి ఎదురుగా మీరూ కింద కూర్చోండి. పైనుంచి వంగి మాట్లాడితే అతను తల ఎత్తి చూడాలి, మెడకు దెబ్బ తగిలి ఉంటే అది మంచిది కాదు. తల ఎక్కడైనా తగిలిందా? మెడ నొప్పిగా ఉందా? గుండెలో నొప్పి, ఆయాసం ఏమైనా? ఎలా పడ్డావో గుర్తుందా? ఈ నాలుగూ అడగండి. పడటం గుర్తు లేదంటే కాలు జారి కాకుండా స్పృహ తప్పి పడి ఉండొచ్చు. కారణం గుండెలోనో మెదడులోనో ఉండొచ్చు కాబట్టి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. తర్వాత కాళ్ళు చూడండి. ఒక కాలు రెండోదానికన్నా పొట్టిగా కనిపించి, పాదం బయటికి తిరిగి ఉంటే అది తుంటి విరిగిన గుర్తు. మూతి ఒక పక్కకు పోయినా, మాట ముద్దగా వస్తున్నా పక్షవాతం కావొచ్చు. వీటిలో ఏది ఉన్నా లేపే ప్రయత్నం మానేసి అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి, దుప్పటి కప్పండి, పక్కనే ఉండండి. నోటికి ఏమీ ఇవ్వొద్దు, ఆపరేషను అవసరం పడొచ్చు.

ఇవేవీ లేవు, కాళ్ళూ చేతులూ కదులుతున్నాయి అంటే రెండు గట్టి కుర్చీలు తెచ్చుకోండి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ జారిపోతుంది, చక్రాల కుర్చీ అసలే వద్దు. ఒకటి అతని తల వైపు, సీటు అతనికి ఎదురుగా ఉండేలా పెట్టండి. రెండోది మీ దగ్గరే ఉంచుకోండి. ఇక లేచేది అతనే. మీ పని కుర్చీ కదలకుండా పట్టుకోవడం, తర్వాతి మెట్టు ఏమిటో మెల్లగా చెప్పడం.

ముందు దెబ్బ లేని పక్కకు ఒత్తిగిలాలి. కింది మోచెయ్యి నేలకు ఆనించి, పై అరచేతిని ఛాతీ ముందు నేల మీద ఊని, తోస్తూ సగం లేవాలి. అక్కడ ఆగి పది ఊపిరులు తియ్యాలి. ఆ తర్వాత రెండు చేతులూ రెండు మోకాళ్ళూ నేలకు ఆనించి, పాకే భంగిమలోకి రావాలి. మోకాళ్ళు నొప్పిగా ఉంటే కింద ఒక మెత్తటి దిండు పెట్టండి. కండబలం ఉన్నా, గట్టి నేల మీద మోకాలు మోపలేకే లేవలేనివాళ్ళూ ఉంటారు. అలాగే పాకుతూ కుర్చీ దగ్గరికి వచ్చి, రెండు అరచేతులూ సీటు మీద వెయ్యాలి. బలంగా ఉన్న కాలిని ముందుకు తెచ్చి పాదం పూర్తిగా నేలకు ఆనించాలి, మడమ గాలిలో ఉంటే లాభం లేదు. ఇప్పుడు చేతులతో సీటును నొక్కుతూ, ముందున్న కాలితో నేలను తోస్తూ లేవాలి. పిర్రలు పైకి లేచిన క్షణాన రెండో కుర్చీని వెనక నుంచి మీరు జరపండి. అతను వెంటనే అందులో కూర్చోవాలి, నిలబడిపోకూడదు. కనీసం అయిదు నిమిషాలు కూర్చున్నాకే నిలబడే ప్రయత్నం.

మోకాళ్ళ మీదికి రావడం బొత్తిగా సాధ్యం కానివాళ్ళకు ఇంకో దారి ఉంది. కూర్చునే, వెనక్కి చేతులు ఊనుతూ పిర్రల మీద జరుగుతూ మెట్ల దగ్గరికి వెళ్ళి, మొదటి మెట్టు మీదికి, తర్వాత రెండో మెట్టు మీదికి ఎక్కి కూర్చుంటే కుర్చీ ఎత్తు వచ్చేస్తుంది. మెట్లు లేకపోతే మొదట గట్టి పీట, తర్వాత స్టూలు.

ఒంటరిగా ఉన్నప్పుడు పడి, లేవలేకపోతే? ఫోను బల్ల మీద ఉంటే లేనట్టే లెక్క. అది జేబులోనో మెడకు వేలాడే సంచిలోనో ఉండాలి, స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా గదిలో నేల మీంచి అందేచోట ఉండాలి. ఫోను అందకపోతే చేతికి దొరికినదాంతో నేలనో తలుపునో కొడుతూ ఉండాలి. అందిన గుడ్డ లాగి కప్పుకోవాలి. కొన్ని నిమిషాలకోసారి పక్క మార్చాలి, కాలి మడమలు ఆడించాలి. ఇంటి తాళంచెవి ఒకటి స్నేహితుల్లో ఒకరి దగ్గర ఉండి తీరాలి. లోపలి గడియ వేసుకుంటే ఆ తాళంచెవి ఎందుకూ పనికిరాదు, కాబట్టి బయటినుంచి తాళంచెవితో తెరుచుకునే తాళమే వేసుకోవాలి. స్నానాలగదికి గడియ పెట్టొద్దు.

"రోజూ గంట నడుస్తున్నాం కదా, ఇంకేం కావాలి" అనే మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. నడక గుండెకు మంచిది, కానీ కుర్చీలోంచి లేపే తొడబలాన్ని అది పెద్దగా పెంచదు. 65 దాటినవాళ్ళు వారానికి మూడు రోజులైనా బ్యాలన్సుకూ బలానికీ పనికొచ్చే కసరత్తు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఉంది. ఆ ముక్క ఎవరూ చెప్పరు, నడవమని మాత్రమే చెబుతారు.

మీ బలం ఎంతో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న, చేతులు లేని కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. ఒకరు చేస్తుంటే ఇంకొకరు పక్కనే నిలబడి లెక్క చూడాలి. 65 నుంచి 69 ఏళ్ళ మగవాళ్ళు 12, ఆడవాళ్ళు 11 కన్నా తక్కువ చేస్తే కాళ్ళ బలం తగ్గినట్టు. 75 నుంచి 79 మధ్యలో ఆ అంకెలు 11, 10. చేతులు వాడకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే సున్నా వేసుకోవాలి.

తక్కువ వస్తే మందు కూడా ఆ కుర్చీయే. రోజుకు రెండు విడతలు, విడతకు అయిదు నుంచి ఎనిమిది సార్లు. లేచేటప్పుడు మామూలుగా లేచినా, కూర్చునేటప్పుడు నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. ధబేలున కూలబడితే సగం లాభం పోతుంది. నెలా నెలన్నరకు తేడా తెలుస్తుంది.

నేల మీంచి లేవడం మాత్రం పై నుంచి కిందికి నేర్చుకోవాలి. మొదటిరోజే నేల మీద పడుకుంటే లేవలేక భయం పట్టుకుంటుంది. కుర్చీ పట్టుకుని ఒక మోకాలు దిండు మీద ఆనించి లేవడం మొదటి వారం. రెండు మోకాళ్ళూ ఆనించడం తర్వాతి వారం. ఆ తర్వాత చేతుల మీదికి, పక్కకు కూర్చోవడం, చివరికి పడుకోవడం. ఎప్పుడూ ఇద్దరుండాలి. తుంటి మార్పిడి జరిగినవాళ్ళు, వెన్నెముక బోలుబారి విరిగినవాళ్ళు ఫిజియోథెరపిస్టును అడిగాకే మొదలుపెట్టాలి.

ఇక పడటానికి కారణాల్లో అందరూ చెప్పులను, గచ్చును తిడతారు గానీ మందులపెట్టె వైపు చూడరు. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయంటే బీపీ ఎలా చూడాలో చెబుతాను. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి. పడుకున్నప్పటికన్నా పై అంకె కనీసం 20 గానీ కింది అంకె కనీసం 10 గానీ తగ్గితే ఆ మూడు రీడింగులూ రాసి డాక్టరుకు చూపించండి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. నిలబడ్డప్పుడు చెయ్యి కిందికి వేలాడేస్తే అంకె ఎక్కువ చూపించి అసలు తగ్గుదల దాగిపోతుంది. పట్టీ కట్టిన చేతిని గుండె ఎత్తులో మీరు పట్టుకోవాలి. ఒక్కడే ఇంట్లో సరిగ్గా చేసుకోలేని పరీక్ష ఇది, స్నేహితుడి అవసరం ఇక్కడ నిజంగా ఉంది. కూర్చోబెట్టి ఒక్కసారి చూసి పంపించేస్తే ఈ జబ్బు ఎన్నేళ్ళయినా దొరకదు.

బీపీ మాత్రలే కాదు, ప్రోస్టేటుకు వాడే టామ్సులోసిన్ కూడా నిలబడ్డప్పుడు బీపీ దించొచ్చు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ పెద్దవాళ్ళకు మగతా, తికమకా తెస్తుంది, మూత్రం బిగిస్తుంది. అల్ప్రజోలం లాంటి నిద్రమాత్ర వేసుకుని రాత్రి మూత్రానికి లేచినప్పుడు తూలడం మామూలే. అయితే నిద్రమాత్రను ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్ రావొచ్చు, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. వాడే మాత్రలన్నీ, కొట్లో అడిగి కొనుక్కున్నవి సహా, ఒక సంచిలో వేసి స్నేహితుడితో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. "వీటిలో ఇక అక్కర్లేనిది ఏది?" అని అడగండి. ఒంటరిగా వెళ్ళినవాళ్ళు ఈ ప్రశ్న మర్చిపోతారు.

చేతికర్ర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది తప్పుగా పట్టుకుంటారు. కర్ర ఉండాల్సింది నొప్పి కాలికి ఎదురు చేతిలో. చెయ్యి వేలాడేసి నిలబడితే కర్ర పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి. అడుగున ఉన్న రబ్బరు బుష్ మీది గాడులు అరిగిపోతే మార్చెయ్యాలి, నున్నబడ్డ బుష్ తడి నేల మీద జారుతుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

పడ్డాడని తెలియగానే "ఎన్నిసార్లు చెప్పాంరా, జాగ్రత్తగా ఉండమని" అని మందలించేవాళ్ళు దయచేసి ఆ మాట మానెయ్యండి. అలా ఒకసారి తిట్లు తిన్నవాడు రెండోసారి పడ్డ సంగతి దాచేస్తాడు. భయంతో బయటికి రావడం తగ్గిస్తాడు, కదలక కాళ్ళు ఇంకా బలహీనపడి మళ్ళీ పడతాడు. "పడ్డప్పుడు ఏం చేస్తున్నావురా? ఏ టైముకి? అంతకుముందు ఏ మాత్ర వేసుకున్నావు?" అని అడగండి. ఆ మూడు జవాబులూ కాగితం మీద రాసుకుంటే కారణం చాలాసార్లు అందులోనే దొరుకుతుంది.

తల తగిలిన మనిషి రక్తం పల్చబడే మందు వాడుతుంటే, బాగానే ఉన్నానన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ మందు వాడనివాళ్ళను కూడా కొన్ని వారాలు కనిపెట్టుకుని ఉండాలి. పుర్రె లోపల రక్తం నెమ్మదిగా చేరితే రోజుల తర్వాతో వారాల తర్వాతో తలనొప్పి, పగటి మగత, అడుగు తడబడటం, మాట మారడం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా తికమక పడుతుంటే "వయసు కదా" అని వదిలెయ్యొద్దు. జ్వరం లేకుండానే మూత్రంలో ఇన్ఫెక్షన్ అలా బయటపడొచ్చు, కొత్తగా మొదలుపెట్టిన మందు వల్ల కూడా కావొచ్చు. పడ్డ తేదీని క్యాలెండరు మీద రాసి, ఆరు వారాల వరకు రెండు మూడు రోజులకోసారి ఫోన్ చెయ్యండి. "బాగున్నావా" అంటే "బాగున్నా" అనే వస్తుంది. నిన్న పొద్దున్నించి ఏమేం చేశాడో చెప్పించండి. మాట తడబడుతోందో, రోజు గుర్తుందో ఆ వరసలోనే వినిపిస్తుంది.