సొంత స్థలంలో ఉన్న మ్యానుఫ్యాక్చర్డ్ హోమ్‌కి రీసేల్ విలువ నిలుస్తుందా?

అమెరికాలో ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి పెట్టే ఇళ్లు కారులా ఏటా ధర కోల్పోతాయని చాలామంది భయం. అద్దె స్థలంలోని ఇంటికి అది చాలావరకు నిజమే, అక్కడ అమ్మేది ఇల్లొక్కటే. సొంత స్థలమైతే నేల విలువ కూడా మీదే, సాధారణంగా పెరిగేదీ అదే.

కానీ స్థలం ఒక్కటే చాలదు. చాలా రాష్ట్రాల్లో ఈ ఇంటికి మొదట వాహనానికి ఇచ్చినట్టే టైటిల్ (యాజమాన్య పత్రం) ఇస్తారు. శాశ్వత పునాది మీద బిగించి, ఆ టైటిల్ రద్దు చేయించి, స్థిరాస్తిగా నమోదు చేయిస్తే కొనేవాళ్లకు మామూలు గృహరుణం దొరకడం తేలిక. రుణం రాని ఇంటికి నగదుతో వచ్చేవాళ్లే దిక్కు, వాళ్లు గట్టిగా బేరమాడతారు. నా దృష్టిలో ధరను తేల్చేది ఇదే.

1976 జూన్ 15కి ముందు తయారైన ఇల్లయితే ఎఫ్‌హెచ్‌ఏ రుణం, అంటే ప్రభుత్వ బీమా ఉన్న గృహరుణం, రాదు. ఈ ఇళ్ల నిర్మాణానికి హడ్ (అమెరికా గృహనిర్మాణ శాఖ) పెట్టిన ప్రమాణాలు అమలైంది ఆ రోజు నుంచే. ఇల్లు ఆ ప్రమాణాలకు సరిపోయిందని చూపే, బయటి గోడ మీది ఎర్రటి హడ్ లేబుల్‌ని మాత్రం పీకేయకండి, అమ్మేటప్పుడు అడుగుతారు.