పిటిషన్ పెట్టిందని ఫోన్ లాక్కుంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది బైపీసీ. మా వీధిలో కుక్కను కొట్టి చంపారని ఆన్‌లైన్‌లో పిటిషన్ పెట్టి రెండు వేల సంతకాలు తెచ్చింది. సంతకాలు పెరిగితే కోర్టే దిగొస్తుందంటుంది. జంతువుల తరఫున వాదించే లాయర్ అవుతుందట. మేం వెటర్నరీ అనుకున్నాం. మాకెందుకొచ్చిన గొడవ అని ఫోన్ తీసేసుకున్నాను. రెండింట్లో ఏది మేలు?
- ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో కోర్సుల గురించి ఒక్క ముక్కే ఉంది. మిగతాదంతా భయం. పిల్ల గొడవల్లో ఇరుక్కుంటుందని, నలుగురూ ఏమనుకుంటారోనని. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కుక్క చచ్చిపోతే ఊరుకోలేని పిల్లను కన్నందుకు సంతోషించాల్సింది పోయి ఫోన్ లాక్కున్నారు. తప్పు మీదే.

అలాగని పాప చెప్పేదంతా ఒప్పని కాదు. సంతకాలు చూసి కోర్టు దిగిరాదు, రాకూడదు కూడా. అదే వీధిలో కుక్క కరిచిన పిల్లాడి తల్లి ఉంటుంది. రేపు ఆవిడ ఎదురు పిటిషన్ పెట్టి మూడు వేల సంతకాలు తెస్తే, కుక్కను చంపినవాణ్ని వదిలేయాలా? పాపను ఈ ప్రశ్న అడగండి. తిట్టకుండా అడగండి.

మా అపార్ట్‌మెంట్ వెనక ఓసారి రెండు కుక్కలు చచ్చిపడి ఉంటే, వాచ్‌మన్ విషం పెట్టాడని వాట్సాప్‌లో మోగిపోయింది. అరెస్టు చేయాలని సంతకాలు పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. తీరా పోస్ట్‌మార్టం చేస్తే విషమే లేదు, జబ్బు. అప్పటికే ఆ మనిషి ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఆ సంతకం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మరి పిటిషన్ దేనికి? కేసు కట్టకుండా కూర్చున్న స్టేషన్‌ను కదిలించడానికి. చట్టాన్ని మార్చమనడానికి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో 11వ సెక్షన్ కింద మొదటిసారి తప్పు చేస్తే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. బీచ్ రోడ్డులో ఒక ప్లేటు బజ్జీల ఖరీదు! దీని మీద లక్ష సంతకాలు తెచ్చినా నాకు అభ్యంతరం లేదు. చంపడం, విషం పెట్టడం, అవిటిదాన్ని చేయడం లాంటివాటికి భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఉంది, ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. కానీ ఎవరి మీద, ఏ సెక్షన్ కింద అన్నది సాక్ష్యం చూసి తేల్చాలి. 1960 చట్టం కింద కేసు వేయాలంటే నేరం జరిగిన మూడు నెలల్లోపే వేయాలి. పాప సంతకాలు లెక్కపెట్టుకుంటూ ఉంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చారా, పోస్ట్‌మార్టం చేయించారా? ముందు అది కనుక్కోండి.

ఈ మధ్య 'యానిమల్ లా' అంటూ ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులు బాగా కనిపిస్తున్నాయి. నాకు వాటి మీద గురి లేదు. కుక్కల కేసులే వాదించి ఇంటద్దె కట్టిన లాయరును విశాఖలో నేనైతే చూడలేదు. మొదటి నాలుగేళ్లూ సీనియర్ దగ్గర చెక్ బౌన్స్ కేసులు, బెయిల్ కాగితాలు, వాయిదాలు. మూగజీవాల కేసులు ఆ మధ్యలో, చాలాసార్లు ఫీజు లేకుండా. అది తెలిసే దిగితే మంచిదే. ప్రభుత్వం తరఫున వాదించాలనుంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టు ఉంది, దానికి మూడేళ్ల ప్రాక్టీసు కావాలి. ఒత్తిడి ఎంతున్నా ఫైలు చూసి తనే నిర్ణయించుకోవాల్సిన కొలువది. కేసు వెనక్కి తీసుకోవాలన్నా సొంత బుద్ధితో ఆలోచించి, కోర్టు అనుమతి అడగాలి. పిటిషన్లంటే ఇష్టపడే పిల్లకు అదొక పరీక్షే.

పోలిక అడిగారు కదా. లా అయితే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ ఇంటి దగ్గరే, ఐదేళ్లు. బైపీసీ అడ్డం కాదు. వెటర్నరీ ఐదున్నరేళ్లు, గరివిడిలో కాలేజీ ఉంది, ఉద్యోగం కాస్త తొందరగా దొరుకుతుంది. ఇంకో సంగతి, ఇలాంటి కేసుల్లో చావు ఎలా వచ్చిందో రాసిచ్చేది పశువైద్యుడే. ఆ కాగితం గట్టిగా లేకపోతే లాయర్ ఎంత అరిచినా లాభం లేదు. పాపకు ఈ మాట ఎవరూ చెప్పి ఉండరు, మీరు చెప్పండి. అప్పుడు ఏది ఎంచుకున్నా టెన్షన్ పడకండి. రెండూ మంచి దారులే, ఇలాంటి పిల్లలు దేన్లోనైనా నిలబడతారు.

పరీక్షలయ్యాక ఒక రోజు జిల్లా కోర్టుకు తీసుకెళ్లి, మేజిస్ట్రేట్ హాల్లో వెనక బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టండి. ఎవరైనా వెళ్లొచ్చు. మీరూ కూర్చోండి. అంతకన్నా ముందు, ఈ రాత్రికే ఆ ఫోన్ ఇచ్చేయండి.