రొయ్యల ఆదాయంపై హాట్ హ్యాచ్: 40 లక్షల అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. నా వయసు 36. అల్లూరు వైపు పది ఎకరాల చెరువులు లీజుకు తీసుకుని వెనామీ రకం రొయ్యల సాగు చేస్తున్నాను. అన్నీ కలిసొచ్చిన ఏడాది ఖర్చులు పోను 22 లక్షలు మిగులుతాయి, గత ఏడాది 7 లక్షలే మిగిలాయి. ఇంటి ఖర్చు నెలకు 50 వేలు, ఇద్దరు పిల్లలు. 26 లక్షల ఎఫ్‌డీలు ఉన్నాయి, మేత డీలరుకు 6 లక్షలు బాకీ ఉంది. టర్మ్ పాలసీ లేదు. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ కొనాలని ఆశ. మా మిత్రుల్లో ఒకరు దాని రూపం మరీ సాదాగా ఉందంటారు, ఒకరు ఇంత ధరకు ఇంత చిన్న కారా అంటారు, మరొకరు నాలుగు చక్రాలకూ శక్తి అందనిదే అసలైన హాట్ హ్యాచ్ (శక్తిమంతమైన ఇంజన్ ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు) కాదంటారు. 20 లక్షలు చేతి నుంచి కట్టి 40 లక్షలు అప్పు తీసుకోవచ్చా?

జవాబు: మీ మిత్రులు వాదించుకుంటున్న మూడు విషయాలూ మీ జేబును తాకేవే కాబట్టి, ముందు వాటి ఖర్చు చూసి తర్వాత అప్పు సంగతికి వస్తాను.

పరిమాణం గురించి అడిగిన మిత్రుడికి సమాధానం పన్నుల్లో ఉంది. పొడవు 4 మీటర్లు, పెట్రోలు ఇంజన్ 1200 సీసీ మించని కార్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం కాగా, ఈ రెండు హద్దుల్లో ఏ ఒక్కటి దాటినా అది 40 శాతం అవుతుంది. గోల్ఫ్ జీటీఐ పొడవు దాదాపు 4.29 మీటర్లు, ఇంజన్ 1984 సీసీ. పైగా అది పూర్తిగా తయారై దిగుమతి అయ్యే కారు గనుక కస్టమ్స్ సుంకం కూడా ధరలోనే కలిసి ఉంటుంది. అంటే మీరు చెల్లించే సొమ్ములో చాలా భాగం కారుకు కాక పన్నులకే పోతుంది, రేపు మీ దగ్గర కొనేవారు ఆ పన్నును లెక్కగట్టి తిరిగి ఇవ్వరు.

డ్రైవ్ అమరిక విషయంలో మీ మిత్రుడితో నేను ఏకీభవించను. 1976లో అమ్మకానికి వచ్చిన తొలి జీటీఐ నుంచి నేటి 265 హెచ్‌పీ కారు వరకు ఆ పేరున్న గోల్ఫ్‌లన్నీ ముందు చక్రాలతో నడిచేవే, ఈ తరగతికి ప్రమాణంగా నిలిచినవీ అవే. ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే అమరిక) ఉన్న గోల్ఫ్ ఆర్, టొయోటా జీఆర్ యారిస్ గొప్ప కార్లే కానీ మన షోరూముల్లో దొరకవు. దొరికినా ఆ అమరిక వల్ల బరువు, ఇంధనం, నిర్వహణ ఖర్చు పెరుగుతాయి. నాలుగు టైర్లూ ఇంచుమించు సమానంగా అరిగి ఉండాలి కాబట్టి ఒకటి దెబ్బతింటే రెండో, నాలుగో మార్చాల్సి రావచ్చు. జాతీయ రహదారి 16 మీద కావలి నుంచి ఒంగోలుకో నెల్లూరుకో వెళ్లివచ్చేవారికి ముందు చక్రాల డ్రైవ్ ఏ విధంగానూ లోటు కాదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 18 అంగుళాల చక్రాలకు ఉండే పలుచని టైర్లు. చెరువు గట్ల మీదికి ఈ కారును తీసుకెళ్లలేరు కనుక మేత, మనుషుల కోసం మరో వాహనం ఎలాగూ ఉంచుకోవాలి.

రూపం సాదాగా ఉండడం నా దృష్టిలో మంచిదే, ఎందుకంటే హంగు తక్కువైన కారు త్వరగా పాతబడినట్టు కనిపించదు. అయితే ఇలాంటి కారును పాతది కొనేవారు కొద్దిమందే. ఇదే కంపెనీ 2016లో మూడు తలుపుల పోలో జీటీఐని దాదాపు 26 లక్షలకు తెచ్చి, మరుసటి ఏడాదే 20 లక్షల దిగువకు తగ్గించింది. తొలి నెలల్లో కొన్నవారికి అది ఎంత నష్టమో మీరే ఊహించగలరు.

ఇప్పుడు అప్పు సంగతి. 2025 మేలో విడుదలైనప్పుడు ఈ కారు ఎక్స్‌షోరూమ్ ధర దాదాపు 53 లక్షలు. జీవితకాల పన్ను, బీమా కలిపితే మీరు అనుకున్న 60 లక్షలు చాలకపోవచ్చు. 40 లక్షలను 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 64,400, ఏడాదికి 7.7 లక్షలు కట్టాలి, మొత్తం వడ్డీ 14 లక్షలు అవుతుంది. ఇంటి ఖర్చు కలిపితే ఏడాదికి 13.7 లక్షలు కావాలి. గత ఏడాది మీకు మిగిలింది 7 లక్షలే. అలాంటి ఏడాది మళ్లీ వస్తే 6.7 లక్షల లోటు పడుతుంది, ముందే 20 లక్షలు కట్టేశారు కాబట్టి ఎఫ్‌డీల్లో మిగిలేది 6 లక్షలు, అంత మొత్తమూ మేత డీలరుకు బాకీయే. చెరువుకు వైట్ స్పాట్ (రొయ్యలను చంపే వైరస్ తెగులు) వచ్చినా, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పటిలా ధర పడినా, పట్టుబడి రోజున కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్కకు) ఎంత ధర పలుకుతుందో మీ చేతిలో లేదు. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అదే తేదీకి కట్టాలి. రెండు మూడు వాయిదాలు తప్పితే మీ క్రెడిట్ స్కోరు పడిపోయి, తర్వాతి పంటకు బ్యాంకు అప్పు దొరకడమే కష్టమవుతుంది. నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది ఇదే.

మూడేళ్ల తర్వాత పరిస్థితి కూడా చూడండి. అప్పటికి మీరు 20 లక్షల ముందస్తు సొమ్ము, 23 లక్షల వాయిదాలు కలిపి 43 లక్షలు కట్టి ఉంటారు, ఇంకా 26 లక్షలు బాకీ ఉంటుంది. బీమా నిబంధనల ప్రకారం మూడేళ్లు దాటిన వాహనం విలువ 40 శాతం తగ్గుతుంది గనుక కారు విలువ 32 లక్షల దగ్గర నిలుస్తుంది. అంటే 43 లక్షలకు గాను మీకంటూ మిగిలేది 6 లక్షలు, అదీ ఆ ధరకు కొనేవారు దొరికితేనే.

కాబట్టి ఇప్పుడు ఈ కారు వద్దని స్పష్టంగా చెబుతున్నాను. ముందు మేత బాకీ 6 లక్షలు తీర్చేయండి, అరువు మేతకూ రొక్కం మేతకూ ధరలో ఉండే తేడా మీకు నాకంటే బాగా తెలుసు. 12 లక్షలను రెండేళ్ల ఇంటి ఖర్చుగా కదపకుండా ఉంచండి. కనీసం కోటిన్నరకు టర్మ్ పాలసీ తీసుకోండి, ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అది లేకుండా ఏ కారు అప్పూ చేయవద్దు.

నడపడంలో ఆనందం కావాలన్న మీ కోరిక న్యాయమైనదే. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ పొడవు 3,995 మిల్లీమీటర్లు, 998 సీసీ టర్బో ఇంజన్, 120 హెచ్‌పీ శక్తి, ముందు చక్రాల డ్రైవ్, 18 శాతం పన్ను. ఇది జీటీఐతో సమానమని నేను చెప్పను. కానీ ఆన్‌రోడ్ 14 లక్షల లోపు దొరికితే, 6 లక్షలు కట్టి 8 లక్షలను అదే వడ్డీకి ఐదేళ్లకు తీసుకున్నా నెలకు 16,600 మాత్రమే అవుతుంది. ప్రతి పట్టుబడి తర్వాత లక్ష రూపాయలు వేరే ఖాతాలో వేసి వాయిదాలను దాని నుంచే కోయించుకుంటే, గత ఏడాది లాంటి ఆదాయంలో కూడా లోటు లక్ష రూపాయలకు మించదు, దానిని నిల్వ సొమ్ము భరిస్తుంది.

వరుసగా రెండు మంచి ఏళ్లు వచ్చి, 15 లక్షలకు మించని అప్పుతో కొనగలిగినప్పుడు జీటీఐ గురించి నాకు మళ్లీ రాయండి. మూడేళ్లు వాడిన కారు దొరికితే తొలి విలువ తగ్గుదల మరొకరు భరించినట్టే, అయితే బాడీ కిట్లు, ఇంజన్ ట్యూనింగ్ చేయించినది తీసుకోవద్దు. అలాంటి మార్పులు బీమా సంస్థకు చెప్పకపోతే క్లెయిము దగ్గర చిక్కులు వస్తాయి.

వ్యాపారం పేరుతో కొంటే పన్ను ఆదా అవుతుందని ఎవరైనా చెబితే ఆ మాట మీద అప్పు పెంచుకోవద్దు. రొయ్యల సాగు వ్యాపార ఆదాయమే అయినా, కారుపై ఏడాదికి 15 శాతం తరుగుదల వ్యాపారానికి వాడిన మేరకే అనుమతిస్తారు, గట్ల మీదికి వెళ్లని కారుకు ఆ వాడకం చూపడం కష్టం. 10 లక్షలు దాటిన ఏ కారుకైనా డీలరు వసూలు చేసే 1 శాతం టీసీఎస్‌ను (అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) మాత్రం రిటర్నులో చూపి వెనక్కి తీసుకోవచ్చు, బిల్లు మీద మీ పాన్ నంబరు సరిగ్గా పడిందో లేదో డెలివరీ రోజునే చూసుకోండి.