తుంటి ఆపరేషన్ తర్వాత అమ్మ ఇంటికొస్తోంది

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఎల్లుండి డిశ్చార్జి. ఇంటికి తెచ్చేముందు ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మందుల సంగతి చూడండి, ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే. ఇంట్లో వాడే బీపీ మాత్రనే ఆసుపత్రిలో వేరే కంపెనీ పేరుతో రాసి ఉండొచ్చు. పేర్లు వేరు కదా అని రెండూ వేస్తే బీపీ పడిపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరిగి మళ్లీ పడతారు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసి వార్డుకు తీసుకెళ్లండి. ఏవి కొనసాగించాలో, ఏవి ఆపాలో, ఏవి కొత్తవో డాక్టరుగారితో విడివిడిగా రాయించుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఏ తేదీ వరకు వాడాలో, కాలిమీద ఎంత బరువు మోపవచ్చో, కుట్లు ఎప్పుడు తీస్తారో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

మంచం మీంచి కుర్చీలోకి మార్చడం ఫిజియోథెరపిస్టు ఎదుటే మీ చేత్తో రెండుసార్లు చేసి చూడండి. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి వద్దు, కమోడ్ కుర్చీ ముందే తెప్పించండి. గుమ్మాల దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టాలు తీసేయండి.

చోటు మారిన మొదటి రాత్రులు ఆవిడ తికమకపడి ఏదేదో మాట్లాడవచ్చు. కోప్పడకండి, పిచ్చి కాదది. కళ్లద్దాలు, వినికిడి యంత్రం అందుబాటులో ఉంచి, చిన్న దీపం వెలగనివ్వండి. నొప్పి, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా కారణాలు కావచ్చు గనుక డాక్టరుకు చెప్పండి. సొంతంగా నిద్రమాత్ర మాత్రం వేయొద్దు.

పిక్క వాచి నొప్పిగా ఉంటే అదే రోజు చూపించండి. ఆయాసం వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.