నాన్న దగ్గర మిగిలిన ఒక్క మాట

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. భాష చేసే పనులను ఆరుగా విడగొట్టి చెబుతారు కదా, అది పరీక్షలో రాయడానికేనా, నిజంగా మన మాటల్లో కనిపిస్తుందా అన్నది ఒకటి. అసలు మాటలోకి అర్థం ఎలా వచ్చి చేరుతుందన్నది రెండోది. భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేసే రోజుల్లో ఆ ఆరింటినీ నేనూ బట్టీ పట్టాను, మార్కులు తెచ్చుకున్నాను, మరిచిపోయాను. తర్వాత దొరికిన ఉద్యోగానికీ భాషకూ సంబంధం లేదు. ఏడేళ్ల క్రితం నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు అవి మళ్లీ గుర్తొచ్చాయి.

దెబ్బ మెదడులో ఎడమవైపు తగిలింది. కుడిచేయి కొంత పోయింది, మాట దాదాపు మొత్తం పోయింది. డాక్టర్లు అఫేసియా అన్నారు, అంటే మెదడు దెబ్బతిని మాట పోవడం. మేం చెప్పేది ఆయనకు చాలావరకు అర్థమయ్యేది. నాలుక, పెదవులు బాగానే కదిలేవి. కావలసిన మాట మాత్రం దొరికేది కాదు. మొదటి నెలంతా, అలవాటుగా వచ్చే ఊతమాటలు తప్ప, ఆయన నోట ధారాళంగా వచ్చిన మాట ఒక్కటే: "అదే". 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడి దగ్గరికి వచ్చిన ఒక రోగి "టాన్" అనే శబ్దం తప్ప ఇంచుమించు ఏమీ పలకలేకపోయేవాడు. ఆస్పత్రిలో ఆయనకు ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ లెక్కన మా అదృష్టం బాగున్నట్టే. మాకు కనీసం ఒక సర్వనామం మిగిలింది.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఫోను దగ్గర మొదలవుతుంది. నాన్న స్నేహితుడొకాయన దూరాన ఉంటారు. ఆయనకు సంగతి తెలియదు. ఒకరోజు ఫోను చేస్తే, నేను వివరించేలోపే నాన్న ఎడమచేత్తో ఫోను లాక్కున్నారు. "ఆ... ఆ... అవునవును... అదే... సరే సరే... మంచిది మంచిది." పది నిమిషాలు సాగింది. మధ్యలో నవ్వు కూడా. తర్వాత నేను ఫోను తీసుకుంటే ఆయన, "నాన్నగారి గొంతు కొంచెం నీరసంగా ఉందేమిటి, జలుబు చేసిందా?" అన్నారు. నాన్న ఒక్క సమాచారమూ చెప్పలేదు. అయినా ఇద్దరికీ కడుపు నిండిపోయింది.

మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ 1923లోనే ఈ రకం మాటలకు ఒక పేరు పెట్టాడు. కబురు చేరవేయడానికి కాక, మనుషుల మధ్య బంధం తెగకుండా ఉండటానికి ఆడే మాటలివి. మనం "వెళ్లొస్తాను" అంటాం, తిరిగి వచ్చే ఉద్దేశం లేకపోయినా. దాన్ని అబద్ధమని ఎవరూ పట్టుకోరు. భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1958లో చేసిన ప్రసంగంలో ఆరు పనుల లెక్క చెప్పినప్పుడు దీన్నీ అందులో చేర్చాడు. మిగిలిన ఐదు: లోకంలోని సంగతి చెప్పడం, చెప్పేవారి మనసు బయటపెట్టడం, వినేవారిని కదిలించడం, భాష గురించే మాట్లాడుకోవడం, మాట రూపానికే విలువ ఇవ్వడం. అంతకుముందు 1934లో మనస్తత్వవేత్త కార్ల్ బ్యూలర్ మూడింటితో సరిపెట్టాడు. ఆరా మూడా అన్న వాదన నాకు పెద్దగా పట్టదు. యాకబ్సన్ చెప్పిన ఇంకో సంగతి ముఖ్యం: ఒకే మాట ఒకేసారి చాలా పనులు చేస్తుంది, వాటిలో ఏది పైకి తేలుతుందన్నదే తేడా.

అవి విడివిడి పనులేనని నాకు నమ్మకం కుదిరింది, నాన్నలో అవి విడివిడిగా దెబ్బతినడం చూశాకే. స్పీచ్ థెరపిస్ట్ నాలుగు వేళ్లు చూపించి, "ఎన్ని?" అని అడిగింది. నాన్న పెదవులు కదిపారు, కళ్లు మూశారు, చెమటలు పట్టాయి. మాట రాలేదు. ఆమె మెల్లగా "ఒకటి..." అని అందించింది. వెంటనే నాన్న "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని గడగడా చెప్పి ఆగిపోయారు. ఎక్కడ ఆగాలో ఆయనకు తెలుసు! అంకె తెలుసు, దాని పేరూ నోట్లోనే ఉంది, కానీ ప్రశ్నకు సమాధానంగా దాన్ని నేరుగా తీయలేరు. వరస పట్టుకుని నడిస్తేనే అక్కడికి చేరతారు. పద్యాలదీ అదే తీరు. తనకు కావలసిన వస్తువు పేరు చెప్పలేని మనిషి, చిన్నప్పుడు నేర్చుకున్న పద్యం మొదటి అక్షరం అందిస్తే నాలుగు పాదాలూ యతి తప్పకుండా చదివేవారు. ఛందస్సు అలంకారం కోసమే అనుకునేవాడిని. మాటలు జారిపోకుండా పట్టి ఉంచే ఊతకర్ర అని అప్పుడు తెలిసింది. తిట్లు కూడా శుభ్రంగా వచ్చేవి. వాటిని ఇక్కడ ఉదాహరించను.

ఇక రెండో ప్రశ్న, అర్థం సంగతి. దీనికి "అదే"ను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. నిఘంటువు తెరిచి ఆ మాట చూడండి, ఏమీ దొరకదు. దానికి సొంత సరుకు లేదు, వేలు పెట్టి చూపించడం ఒక్కటే దాని పని. కంఠం పైకి లేస్తే ప్రశ్న, సాగదీస్తే వెతుకులాట, రెండుసార్లు గబగబా అంటే అంగీకారం, పళ్లు బిగించి అంటే విసుగు. ఎటు చూస్తూ అన్నారు, ఏ వేళలో అన్నారు, అంతకుముందు గదిలో ఏం జరిగింది అన్నవన్నీ కలిపితే తప్ప అర్థం తేలదు. మొదట్లో నేను ఇల్లంతా గాలించి వస్తువులు తెచ్చి ఒక్కొక్కటే చూపించేవాడిని. అమ్మ కుర్చీలోంచి లేవకుండానే ఫ్యాను వేగం తగ్గించమనేది. అదే సరైంది. ఎలా తెలిసిందంటే, "దుప్పటి భుజం మీదికి లాక్కున్నారు చూడలేదా?" అనేది.

మిగతా మాటలకూ ఎంతోకొంత ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం. సంస్కృత అలంకారికులు చెప్పే పాత ఉదాహరణ ఒకటుంది: "సూర్యుడు అస్తమించాడు." కూలివాడికి అది పని ఆపమని, కాపరికి పశువులను తోలుకు రమ్మని, ఎదురుచూసే మనిషికి రావలసినవాడు ఇంకా రాలేదని వినిపిస్తుంది. వాక్యం ఒక్కటే, నిఘంటు అర్థం ఒక్కటే. ఆ నిఘంటు అర్థాన్ని అభిధ అన్నారు. అది కుదరనప్పుడు పక్క అర్థానికి జరగడం లక్షణ. "గంగలో పల్లె" అంటే నీటిలో ఊరు ఉండదు కాబట్టి ఒడ్డున అని తీసుకోవడం అలాంటిది. సందర్భాన్ని బట్టి వినేవారి మనసులో తోచేది వ్యంజన. మాలో అభిధ దాదాపు సున్నా అయిన మనిషి ఒకరుంటే, ఆయన వ్యంజన మీదే ఇల్లు నడిచింది.

రెండో నెలలో విడి మాటలు రావడం మొదలైంది, కానీ తప్పు తలుపు తట్టినట్టు వచ్చేవి. తలుపు అనబోయి కిటికీ అనేవారు, నిన్న అనబోయి రేపు అనేవారు. తలుపు అనబోయి ఏనుగు అన్నది మాత్రం నేను వినలేదు. నాన్న బుర్రలో మాటలు ఇరుగుపొరుగుగా కాపురం ఉన్నాయన్నమాట. ఒక మాట విలువ పక్కనున్న మాటలతో ఉన్న తేడాను బట్టి ఏర్పడుతుందని భాషాశాస్త్రవేత్త సొస్యూర్ చెప్పింది పుస్తకంలో చదివితే గాలిమాటలా అనిపించేది. కిటికీ తెరిచి ఉండగానే "కిటికీ, కిటికీ" అని కోప్పడుతుంటే, లేచి తలుపు తీయడం అలవాటయ్యాక గాలిమాట అనిపించలేదు.

ఒక ఉదయం నాన్న "గొడుగు" అన్నారు. ఆకాశం నిర్మలంగా ఉంది. గొడుగు తెస్తే తల అడ్డంగా ఊపారు. అందరం ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. పది నిమిషాల తర్వాత "ఇచ్చాడా" అన్నారు. అమ్మ వెంటనే, "మన గొడుగు తీసుకెళ్లినాయన తిరిగి ఇచ్చాడా అనేనా? నిన్ననే ఇచ్చాడండీ" అంది. "అదే!" అని నాన్న ముఖం వెలిగిపోయింది. మన తర్కశాస్త్రంలో వాక్యానికి మూడు షరతులు పెట్టారు. ఒక మాట ఇంకో మాటను కోరాలి, అది ఆకాంక్ష. అవి ఒకదానికొకటి పొసగాలి, అది యోగ్యత. "నిప్పుతో తడుపు" అంటే పొసగదు. వెంటవెంటనే పలకాలి, అది సన్నిధి. జాముకొక మాట చొప్పున పలికితే వాక్యం కాదని స్పష్టంగానే చెప్పారు. పుస్తకం ప్రకారం నాన్నది వాక్యం కాదు. అమ్మ ఆ మొదటి మాటను పది నిమిషాలు జారిపోకుండా పట్టుకుంది కాబట్టి అయింది. వాక్యంలో సగం వినేవారు కడతారనడానికి నాకు ఇంతకంటే మంచి రుజువు తెలియదు.

అయితే వినేవారు ఎప్పుడూ అమ్మలా ఉండరు. ఒక కార్యాలయంలో ఒక పత్రానికి నాన్న సమ్మతి కావాల్సి వచ్చింది. అధికారి "మీకు సమ్మతమేనా?" అని అడిగాడు. నాన్న తల నిలువుగా ఊపుతూ "కాదు" అన్నారు. అవును, కాదు తారుమారు కావడం ఈ జబ్బులో మామూలే. అధికారి కలం కింద పెట్టేశాడు. "నోటితో కాదన్నారు కదండీ, తల ఊపింది నేను రాసుకోలేను." మళ్లీ అడిగితే నాన్న తన మీద తనకే కోపం వచ్చి ఇంకా గట్టిగా "కాదు! కాదు!" అన్నారు, బల్ల మీది కాగితాన్ని ఆయన వైపు నెడుతూ. చివరికి డాక్టరు ఉత్తరం పట్టుకుని మరోసారి వెళ్తే పని అయింది.

ఆ రోజు చిరాకుపడ్డాను కానీ, ఆలోచిస్తే ఆ అధికారి తప్పేమీ లేదు. కొన్ని మాటలు లోకాన్ని వర్ణించవు, లోకంలో ఒక పని చేసేస్తాయి. "మాట ఇస్తున్నాను", "రాజీనామా చేస్తున్నాను", "సమ్మతమే" అలాంటివి. తత్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ 1955లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు వీటి గురించే. ఆ మాటలు నిజమా అబద్ధమా అని అడగలేం, చెల్లాయా లేదా అని మాత్రమే అడగగలం. తగిన మనిషి, తగిన చోట, తగిన తీరులో అంటేనే చెల్లుతాయి. నాన్న మనసులో ఉన్నది అవును, నోట వచ్చింది కాదు, రాసుకోవాల్సింది ఇంకొకరి చెయ్యి. మూడింటిలో అర్థం ఎక్కడున్నట్టు? ఇంట్లో అయితే మనసులో ఉందని తేల్చేసేవాళ్లం. అక్కడ కుదరలేదు.

ఇదంతా చదివి, సందర్భమూ ప్రేమా ఉంటే మాటలు లేకపోయినా నడిచిపోతుందని అనుకోకండి. మా బంధువులు కొందరు అలాగే ఓదార్చేవారు, నాకు ఒళ్లు మండేది. "అదే"తో ఎదుట ఉన్నవాటిని చూపించవచ్చు. ఎదుట లేనివాటిని చూపించలేం. నిన్న జరిగింది, జరగకుండా పోయింది, జరిగితే ఏమవుతుందో అన్న భయం: వీటికి మాటలు కావాలి, వాటిని కలిపే ప్రత్యయాలు కావాలి. మూడో నెలలో నాన్న ఒక సంగతి చెప్పాలని వారం రోజులు తంటాలు పడ్డారు. వస్తువు కాదు, నొప్పి కాదు, ఇంట్లో మనిషి గురించీ కాదు. "అప్పుడు" అన్నారు, "వాడు" అన్నారు, "చెప్పలేదు" అన్నారు. అమ్మకున్న నేర్పంతా అక్కడ ఆగిపోయింది. ఎన్ని పేర్లు చెప్పినా తల అడ్డంగానే ఊపారు. ఎనిమిదో రోజున ప్రయత్నం మానేశారు.

ఇప్పుడు ఆయన చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతారు. ఆ సంగతేమిటని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ "పోనీలే" అన్నారు. ఆ మాట ఆస్పత్రిలో మొదటి వారంలోనే ఆయనకు తిరిగి వచ్చింది, కాబట్టి దీన్ని జవాబు కింద లెక్క వేయాలో లేదో నాకు తెలియడం లేదు.