జిరాక్స్ సెంటర్‌లో లినక్స్ నడుస్తుందా?

ప్రశ్న: హనుమకొండలో మాది చిన్న జిరాక్స్ సెంటర్. మూడు పాత కంప్యూటర్లు ఉన్నాయి: నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. విండోస్ 11 ఎక్కదు, కొత్తవి కొనాల్సిందేనని మెకానిక్ అంటున్నడు. లినక్స్ వేస్తే పని నడుస్తదా?

జవాబు: ఇప్పుడే కొనకండి. లినక్స్ అంటే విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే ఉచిత వ్యవస్థ. ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం నుంచి పైవి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలన్నది విండోస్ 11 షరతు. అంతేగానీ మీ మిషన్లు పాడైపోలేదు. కాకపోతే విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నెట్ తగిలించి అలాగే నడిపితే మంచిది కాదు.

మూడూ ఒక్కసారే మార్చొద్దు. గిరాకీల పెన్‌డ్రైవ్‌లు ఏ మిషన్‌కు పెడుతున్నారో ముందు అది మార్చండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారే వైరస్ మీరు చూసే ఉంటారు. విండోస్‌లో ఆ షార్ట్‌కట్ నొక్కగానే అది మిషన్‌లోకి దూరుతుంది. లినక్స్‌లో అది ఒట్టి ఫైలు, నొక్కినా నడవదు. అది దాచిపెట్టిన అసలు ఫోల్డర్ మాత్రం పక్కనే మామూలుగా కనిపిస్తుంది. పీడీఎఫ్ తీసి ప్రింట్ ఇచ్చేయొచ్చు.

లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్ 22ను ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌తో తీసుకోండి, పాత మిషన్లకు అదే తేలిక. 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి, డబ్బు కట్టక్కర్లేదు. దించుకున్న మింట్ ఫైలును విండోస్‌లో రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, అందులో ఉన్నదంతా పోతుంది. మిషన్ ఆన్ చేస్తూనే డెల్, లెనోవోల్లో చాలావాటికి ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఇన్‌స్టాల్ చేయకుండానే మింట్ తెరుచుకుంటుంది. ఒక పూట అలాగే నడిపి వైఫై, స్కానర్, ప్రింటర్ చూడండి. వైఫై కనపడకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిచి వైఫైకి డ్రైవర్ (దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్) ఉందేమో చూడండి.

ఎక్కువగా తిప్పలు పెట్టేది ప్రింటరే. హెచ్‌పీ 1020, ఎం1005 లాంటివాటికి హెచ్‌పీ ప్లగిన్ అనే అదనపు ఫైలు విడిగా దించుకోవాలి. అది లేకపోతే ప్రింటర్ పేరు కనిపిస్తుంది, కాగితం మాత్రం రాదు. కెనాన్ ఎల్‌బీపీ 2900 ఇంకా మొండిది. దాని లినక్స్ డ్రైవర్ పాతది, కుదిరించడం కష్టం. అది మీ దగ్గరుంటే విండోస్ మిషన్‌కే వదిలేయండి.

అంతా సరిపోయాకే ఇన్‌స్టాల్ చేయండి. ఫైళ్లు వేరే డిస్కులోకి తీసుకున్నాకే ‘ఎరేజ్ డిస్క్’ నొక్కాలి, అది విండోస్‌నూ ఫైళ్లనూ కలిపి తుడిచేస్తుంది. రెండూ ఉంచుకోవాలంటే ముందుగా విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ చేసినా విండోస్‌ను పూర్తిగా ఆగనివ్వని సెట్టింగ్) ఆపండి. ఆపకపోతే మింట్ నుంచి విండోస్ డ్రైవ్‌లోని ఫైళ్లు చదవొచ్చుగానీ రాయనివ్వదు. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఇంకా హుషారుగా నడుస్తుంది.

పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ట్యాలీ ఉన్న మిషన్‌ను ముట్టొద్దు. దానికి విండోసే ఉంచి నెట్ కేబుల్ పీకేయండి. వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం టోకెన్ వాడుతుంటే మాత్రం వాటికి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో కనుక్కున్నాకే ఆ పనులు మార్చండి.

ప్రశ్న: అనులో చేసిన పెండ్లి కార్డు ఫైలు లినక్స్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నయి. తెలుగు టైపింగ్ ఎట్ల?
– పరకాల నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అను యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదమ్మా. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్ అది. ఫాంట్ లేనిచోట అడుగునున్న ఇంగ్లిష్ గుర్తులు బయటపడతాయి. మార్చే కన్వర్టర్లు ఉన్నాయిగానీ ఒత్తులు తప్పుతాయి, పేర్లు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

కొత్తగా కొట్టేవి యూనికోడ్‌లోనే కొట్టండి. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్‌కు వెళ్లి తెలుగు చేర్చండి, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డ్ వస్తుంది. హెచ్, జె, కె, ఈ, ఎన్ వరసగా నొక్కితే ‘పరకాల’. ఒత్తుకు మధ్యలో డి: కె, డి, కె కొడితే ‘క్క’. కార్డు శీర్షికలకు రామభద్ర, లోపలి మ్యాటర్‌కు మండలి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి.