రిపోర్టులో ‘ఎక్స్‌వై’ అని వచ్చింది.. మా బిడ్డ ఆడపిల్ల కాదా?

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లా పరకాల దగ్గర ఒక పల్లె. మా బిడ్డకు 17 ఏళ్లు, ఇంటర్ చదువుతోంది. మంచి ఎత్తు, ఛాతీ కూడా పెరిగింది. కానీ ఇంకా పెద్దమనిషి కాలేదు. స్కానింగ్‌లో గర్భసంచి లేదన్నారు. క్రోమోజోమ్ పరీక్షలో ‘46, ఎక్స్‌వై’ అని వచ్చింది. అంటే మగపిల్లాడా? మాది మేనరికం, అందుకే ఇలా అయిందని అత్తగారింట్లో అంటున్నారు. మూడేళ్లప్పుడు రెండు గజ్జల్లో హెర్నియా ఉంటే ఆపరేషన్ చేయించాం. బిడ్డకు ఇంకా ఏమీ చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ బిడ్డ ఆడపిల్లే. పుట్టినప్పటి నుంచి మీరు ఎరిగిన పిల్లను ల్యాబ్ కాగితం మార్చేయదు. ఇలాంటి రిపోర్టును నాలుగు మడతలు పెట్టి, కొంగు చాటున పట్టుకుని ఓపీకి వచ్చిన తల్లుల్ని చూశాను. మడత విప్పగానే ‘వై’ అక్షరం మీదే వేలు పెడతారు. ఆ అక్షరం గురించే ముందు చెబుతాను.

ఎక్స్‌ఎక్స్ అయితే ఆడ, ఎక్స్‌వై అయితే మగ అని బడిలో చదువుకున్నాం. చాలామంది విషయంలో అది నిజమే. కానీ అది మొదటి మెట్టు మాత్రమే. కడుపులో పడ్డాక దాదాపు ఆరు వారాల వరకు ఏ పిండంలోనైనా ఆడ, మగ తేడా కనిపించదు. వై క్రోమోజోమ్ మీద ఎస్‌ఆర్‌వై అనే చిన్న జన్యువు ఉంటుంది. 1990లో లండన్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. అది పని మొదలుపెడితే లోపలి గ్రంథులు వృషణాలవుతాయి. అవి తయారుచేసే ఒక హార్మోన్ గర్భసంచి ఏర్పడకుండా ఆపుతుంది. రెండోది టెస్టోస్టిరాన్, శరీరాన్ని మగ రూపంలోకి మలుస్తుంది.

అయితే టెస్టోస్టిరాన్ తయారైతే సరిపోదు, ఒంట్లోని కణాలు దాన్ని అందుకోవాలి. కాకతీయ కాలువ నిండా నీళ్లు పారుతున్నా తూము తెరుచుకోకపోతే మడి తడవదు కదా! ఆ తూము లాంటిదే ఆండ్రోజెన్ రిసెప్టర్. దాని జన్యువు ఉండేది వై మీద కాదు, ఎక్స్ మీద. అందులో లోపం ఉంటే హార్మోన్ ఎంత ఉన్నా శరీరానికి పట్టదు, బిడ్డ ఆడపిల్లగానే పుడుతుంది. గర్భసంచిని ఆపే హార్మోన్ మాత్రం తన పని చేసేస్తుంది. అందుకే గర్భసంచి ఉండదు, నెలసరి రాదు. టెస్టోస్టిరాన్‌లో కొంత ఒంట్లోనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది కాబట్టి ఛాతీ పెరుగుతుంది.

మీరు రాసినవన్నీ దీనికే సరిపోతున్నాయి. కంప్లీట్ ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ సిండ్రోమ్ అంటారు. హెర్నియా సంగతి మీరు చివర్లో రాశారు గానీ, నా దృష్టి ముందు దాని మీదే పడింది. ఆడపిల్లలకు రెండు గజ్జల్లోనూ హెర్నియా రావడం అరుదు. లోపలి గ్రంథులు కిందికి దిగుతూ గజ్జల్లో ఆగినప్పుడు అలా ఉబ్బు కనిపిస్తుంది. అప్పటి ఆపరేషన్ కాగితాలు ఇంట్లో ఎక్కడైనా ఉంటే వెతికి పెట్టండి. సర్జన్ ఏం చూశారో, ఏం చేశారో అందులో రాసి ఉండొచ్చు.

మేనరికాన్ని నిందించకండి. ఎక్స్‌వై ఉన్న బిడ్డకు ఎక్స్ తల్లి నుంచే వస్తుంది, కాబట్టి ఈ సమస్యలో భార్యాభర్తల చుట్టరికానికి సంబంధం లేదు. అలాగని తప్పు మీదీ కాదు. జన్యువులను ఎవరూ ఎంచుకుని ఇవ్వరు. సుమారు మూడింట ఒక వంతు మందిలో ఈ లోపం తల్లిలో అసలు ఉండదు, బిడ్డలోనే కొత్తగా వస్తుంది. మీకు ఇంకో కూతురు గానీ, అక్కచెల్లెళ్లు గానీ ఉంటే ఆ మాట డాక్టర్‌కు చెప్పండి.

ఎవరైనా ఈ లోపలి గ్రంథులు తీసేయడానికి వెంటనే ఆపరేషన్ అంటే తొందరపడి ఒప్పుకోకండి. ఈ సమస్యలో గ్రంథులకు క్యాన్సర్ ముప్పు ఎదిగే వయసులో చాలా తక్కువ, పెద్దయ్యాక కొంత పెరుగుతుంది. తీసేస్తే ఏళ్ల తరబడి ఈస్ట్రోజెన్ మందు వాడాలి, లేకుంటే ఎముకలు బలహీనపడతాయి. స్వయర్ సిండ్రోమ్ అనే మరో సమస్యలోనూ ఎక్స్‌వై ఉంటుంది. అందులో ముప్పు ఎక్కువ, గ్రంథులను త్వరగా తీయాలి. కానీ వాళ్లకు గర్భసంచి ఉంటుంది, ఛాతీ సాధారణంగా పెరగదు. అందుకే ఏది అన్నది ముందు ఖాయం చేసుకోవాలి. ఎమ్మారై, హార్మోన్ పరీక్షలు, జన్యు పరీక్ష చేయాల్సి ఉంటుంది. వరంగల్‌లో గైనకాలజీ డాక్టర్‌కు చూపించి, హైదరాబాద్ నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగానికి రాయించుకోండి.

ఇక బిడ్డకు చెప్పండి, దాచకండి. రిపోర్టు కంటపడి, ఫోన్‌లో తనే వెతుక్కుని ఒంటరిగా చదివితే ఆ బాధ ఇంకా పెద్దది. నెలసరి రాదు, కడుపు పండదు అని చెప్పడం కష్టమే. చదువుకు, ఉద్యోగానికి, పెళ్లికి ఇది అడ్డు కాదని కూడా అప్పుడే చెప్పండి. నోరు పెగలకపోతే డాక్టర్ ముందు, పక్కన కూర్చుని చేయి పట్టుకుని చెప్పించండి. ఆపరేషన్ విషయంలో ఆమె మాటే ముందు వినాలి. ఫంక్షన్ ఎప్పుడు చేస్తారని అడిగే చుట్టాలకు మాత్రం మీరు ఏ జవాబూ చెప్పనక్కర్లేదు.